టెంపో ట్రావెలర్ క్యాంపర్‌కి సోలార్ కరెంటు: లెక్క నుంచి లగ్గు దాకా

వ్యాన్‌ని ఇల్లుగా మార్చుకునేవాళ్లు చాలామంది టేపు పట్టుకుని ముందు రూఫ్ కొలుస్తారు. ఎన్ని ప్యానెళ్లు పడతాయో చూసి, దానికి తగ్గ ఇన్వర్టర్ కొని, బ్యాటరీ సంగతి చివర్లో ఆలోచిస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండో రాత్రికే ఫ్రిజ్ ఆగిపోతుంది, తిట్లన్నీ ప్యానెల్‌కి పడతాయి. చాలాసార్లు అసలు దొంగ సీటు కింద పచ్చ లైటు వేసుకుని కూర్చున్న ఇన్వర్టర్.

ఇక్కడి లెక్కలన్నీ ఒక బండిని దృష్టిలో పెట్టుకుని వేసినవి: టెంపో ట్రావెలర్ సైజు వ్యాన్, 12 వోల్టుల బండి, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్ల. తిరిగేది అరకు, లంబసింగి, సూర్యలంక, శ్రీశైలం దారులు. ఏసీ లేదు. ఎందుకు లేదో తర్వాత చెబుతాం.

ముందు ఖర్చు లెక్క

ఇంటి మీటరులో 1 యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. వ్యాన్‌లో ఒక రోజు బతుకు సుమారు యూనిట్టున్నరలో ఇమడాలి.

- 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్: నడిచేటప్పుడు 50 వాట్లు లాగుతుంది. ఏప్రిల్ ఎండల్లో రోజులో సగం సేపు నడుస్తూనే ఉంటుంది. 600 వాట్ అవర్లు.
- 20 వాట్ల 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, 10 గంటలు: 400.
- 5 వాట్ల ఎల్ఈడీ లైట్లు నాలుగు, 5 గంటలు: 100.
- మూడు ఫోన్లు, ఒక లాప్‌టాప్: 120.
- నీళ్ల పంపు, 60 వాట్లు, మొత్తం 20 నిమిషాలు: 20.
- మిక్సీ 3 నిమిషాలు, టేబుల్ గ్రైండర్ అరగంట: ఇన్వర్టర్ నష్టంతో కలిపి 130.
- ఆ పనుల కోసం ఇన్వర్టర్ రెండు గంటలు ఆన్‌లో ఉంటే, అది తినేది: 30.

మొత్తం 1400. ఇందులో వింతేమిటంటే, అందరూ భయపడే గ్రైండర్ ఖర్చు చాలా తక్కువ. 150 వాట్ల మోటారు అరగంట తిరిగితే 75 వాట్ అవర్లే. ఇడ్లీ పిండి రుబ్బుకోవడానికి సంకోచించక్కర్లేదు. మీద పడేది నిశ్శబ్దంగా రాత్రంతా నడిచే ఫ్రిజ్, ఫ్యాన్లు. రైస్ కుక్కర్ కూడా పెడితే 700 వాట్లతో అరగంట, నష్టంతో కలిపి మరో 400. ఇండక్షన్ స్టవ్ మీద పూటకి 20 నిమిషాలు వండితే పూటకి దాదాపు 700. వంట గ్యాస్ మీదే పెట్టుకోండి. చిన్న 5 కిలోల సిలిండర్ చేసే పనిని బ్యాటరీతో చేయించాలంటే బ్యాటరీ రెట్టింపు కావాలి.

ఏసీ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి 8 గంటలు సగటున 500 వాట్లతో నడిచినా 4 యూనిట్లు. మిగతా ఇల్లంతా కలిపి వాడేదానికి అది దాదాపు మూడు రెట్లు. అంత కరెంటు తయారుచేసే ప్యానెళ్లు ఈ రూఫ్ మీద పట్టవు. ఏసీ కావాలంటే కరెంటు పాయింటు ఉన్నచోట బండి ఆపాలి, లేదా మే నెలలో కొండెక్కాలి.

ఇన్వర్టర్: అవసరమైనప్పుడే

1500 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటి నునుపైన అల ఇచ్చే) ఇన్వర్టర్ ఏమీ తగిలించకపోయినా 15 నుంచి 20 వాట్లు తింటుంది. 24 గంటలు వదిలేస్తే 360 నుంచి 480 వాట్ అవర్లు, అంటే రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగినంత. ఒక ఫోన్ ఛార్జింగ్ కోసం ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచడం, చెంబుడు నీళ్ల కోసం బోరు మోటారు వేసి వదిలేసినట్టు. అందుకే ఫోన్లకు 12 వోల్టుల యూఎస్‌బీ పాయింట్లు, లాప్‌టాప్‌కి 12 వోల్టుల టైప్-సీ ఛార్జరు, ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, పంపు అన్నీ నేరుగా బ్యాటరీ లైను మీదే పెట్టండి. 230 వోల్టులు మిక్సీకి, గ్రైండర్‌కి, కుక్కర్‌కి మాత్రమే. ఇన్వర్టర్ రిమోట్ స్విచ్ మంచం పక్కన కాకుండా వంటగట్టు దగ్గర పెట్టండి. పని అయ్యాక చేయి దానంతటదే స్విచ్ మీదకు పోతుంది.

ఇంట్లో కరెంటు పోతే వాడే ఇన్వర్టర్‌ని వ్యాన్‌లోకి ఎక్కించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మూడు చిక్కులున్నాయి. అందులో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఖాళీగా ఉన్నా ఎక్కువ తింటుంది. దాని ఛార్జర్ లెడ్-యాసిడ్ బ్యాటరీ కోసం తయారైంది, లిథియంకి సరిపడే సెట్టింగ్ చాలావాటిలో ఉండదు. చవక రకాలు నునుపైన అలకి బదులు మెట్ల లాంటి స్క్వేర్ వేవ్ ఇస్తాయి. దాని మీద మిక్సీ మోటారు గొంతు పట్టినట్టు మూలుగుతుంది, వేడెక్కుతుంది, కొన్ని ఛార్జర్లు కాలిపోతాయి.

మిక్సీ మీద 750 వాట్లని రాసి ఉన్నా స్టార్టింగ్‌లో క్షణంపాటు రెండు మూడు రెట్లు లాగుతుంది. అందుకే 1000 వాట్ల ఇన్వర్టర్ కొంటే కాగితం మీద సరిపోతుంది, చట్నీ వేసేటప్పుడు ట్రిప్ అవుతుంది. 1500 వాట్లు తీసుకోండి, సర్జ్ (క్షణంపాటు ఇవ్వగలిగేది) 3000 ఉన్నది చూసుకోండి. 2000 వాట్లు దాటాల్సి వస్తే మాత్రం 12 వోల్టుల దగ్గర ఆగకుండా బ్యాటరీని 24 వోల్టులకు మార్చడం నయం. 12 వోల్టుల మీద 2000 వాట్లంటే ఇన్వర్టర్ నష్టంతో కలిపి సుమారు 175 ఆంపియర్లు, 24 వోల్టుల మీద అందులో సగం. వైరు మందం, లగ్గుల (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొనల) వేడి అన్నీ ఆంపియర్లను బట్టే ఉంటాయి.

బ్యాటరీ

రాత్రి ఖర్చు ఒక్కటే చూస్తే 950 వాట్ అవర్లు చాలు. కానీ మర్నాడు ముసురు పట్టవచ్చు. ఒకటిన్నర రోజుకి లెక్కేస్తే 2100. బ్యాటరీలో 90 శాతమే వాడుకుంటామనుకుంటే 2330. బజారులో దొరికే సైజుల్లో 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 2560 వాట్ అవర్లు ఇస్తుంది. సరిగ్గా అదే కావాలి.

ట్యూబులార్ బ్యాటరీ చవకే. అయితే దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు పడిపోతుంది. అదే పని చేయాలంటే 150 ఏహెచ్‌వి మూడు కావాలి. ఒక్కోటి 50 కిలోలు దాటుతుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, ఘాట్ రోడ్డు మలుపుల్లో యాసిడ్ చిందుతుంది. మనం పడుకునే గదిలో అవి వద్దు.

లిథియం బ్యాటరీ కొనేటప్పుడు ఏహెచ్ కంటే ముందు చూడాల్సింది లోపలి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నది. 200 ఏహెచ్ అని పెద్ద అక్షరాలతో రాసి, లోపల 100 ఆంపియర్ల బీఎంఎస్ పెట్టినవి బజారులో బోలెడు. 100 ఆంపియర్లంటే ఇన్వర్టర్ బయటికి ఇవ్వగలిగేది 1100 వాట్ల చిల్లర. కుక్కర్ నడుస్తుండగా మిక్సీ వేస్తే బీఎంఎస్ మొత్తం కరెంటు కట్ చేస్తుంది, ఫ్రిజ్‌తో సహా. 1500 వాట్ల ఇన్వర్టర్‌కి 150 ఆంపియర్లు కనీసం, 200 అయితే నిశ్చింత.

ఎక్కడ పెట్టాలన్నది మన ఎండల్లో పెద్ద ప్రశ్న. మే నెలలో మూసిన వ్యాన్ లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో లిథియం సెల్స్ త్వరగా ముసలివవుతాయి. బ్యాటరీని నేలకు దగ్గరగా, గాలి ఆడే పెట్టెలో, ఇంజిన్ గోడకు దూరంగా ఉంచండి. గ్యాస్ సిలిండర్ ఉన్న అరలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమట్టానికి దిగి నిలుస్తుంది, ఇన్వర్టర్ రిలే వేసే ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్ అరకి అడుగున బయటికి రంధ్రం ఉండాలి, బ్యాటరీ అర వేరే వైపు ఉండాలి. నెలలకొద్దీ బండి ఆపి ఉంచేటప్పుడు నిండా ఛార్జ్ చేసి వదలకండి, సగానికి కాస్త ఎక్కువ ఉంచి మెయిన్ స్విచ్ తీసేయండి. లడఖ్ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో మాట: సున్నా డిగ్రీల కింద లిథియంని ఛార్జ్ చేస్తే సెల్స్ శాశ్వతంగా పాడవుతాయి. చలికి ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉందో లేదో చూడండి.

ప్యానెల్, ఎంపీపీటీ

మన రాష్ట్రాల్లో ఏడాది సగటున రోజుకి 5 గంటల నిండు ఎండకి సమానమైన వెలుగు దొరుకుతుంది. వానాకాలంలో మూడున్నరకి దిగుతుంది. ఇంటి మీద ప్యానెల్‌ని దక్షిణానికి వాల్చుతాం, వ్యాన్ మీద అది బల్లపరుపుగా పడుకునే ఉంటుంది. పైగా వేడి. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. రూఫ్ మీద మధ్యాహ్నం సెల్ వేడి 65 నుంచి 70 డిగ్రీలు. మోనో పెర్క్ రకం ప్యానెల్ డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుంది, అంటే 15 శాతం అక్కడే ఆవిరి. దుమ్ము, వైరు, కంట్రోలర్ నష్టాలు కలిపితే చేతికొచ్చేది 67 శాతం అనుకోవాలి.

అంటే మంచి నెలల్లో ఒక వాటు ప్యానెల్ రోజుకి 3.35 వాట్ అవర్లు, వానాకాలంలో సుమారు 2.35. ఇంటి రూఫుల మీద వాడే 540 వాట్ల ప్యానెల్ ఒక్కటి పెడితే మంచి నెలల్లో 1800, వానాకాలంలో 1270. మన ఖర్చు 1400. ఎండాకాలం కుక్కర్ కూడా నడుస్తుంది, వానాకాలం కొంచెం వెలితి పడుతుంది, ఆ వెలితిని బండి ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చేది) పూరిస్తుంది. ఎండాకాలాన్ని చూసి 400 వాట్లు పెట్టుకున్నవాళ్లే జులైలో మొర పెట్టుకుంటారు.

ఆ ప్యానెల్ దాదాపు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోలు. రూఫ్ మీద గాలి ఫ్యాను రంధ్రం ఎక్కడో ముందే నిర్ణయించి మిగిలిన చోట ఇది పడుతుందో లేదో చూడండి. పట్టకపోతే 180, 200 వాట్లవి మూడు. వంగే ప్యానెళ్లు అంటించడం సులువే కానీ కింద గాలి ఆడదు. మన ఎండకి రెండు మూడు వేసవుల్లో పొరలు లేచిపోవడం మామూలు. వాటి జోలికి పోవద్దని మా సలహా.

ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అందించే కంట్రోలర్ విషయంలో రాజీ వద్దు. కౌంటరు మీద కొన్ని వందలకు దొరికే పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 540 వాట్ల ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇచ్చేది. పీడబ్ల్యూఎం మీద అదే 13 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర వస్తాయి, అంటే 170 వాట్లు. మిగతాదంతా గాలికి. అదీ కంట్రోలర్ బతికితే. వాటిలో చాలావాటికి 50 వోల్టుల కంటే తక్కువే పరిమితి, ఈ ప్యానెల్ నుంచి ఎవరూ కరెంటు లాగనప్పుడు దాని కొనల దగ్గర ఉండేది 49.5.

మనకి కావాల్సింది ఎంపీపీటీ కంట్రోలర్, అది ప్యానెల్ ఇచ్చే ఎక్కువ వోల్టుల్ని బ్యాటరీకి ఎక్కువ ఆంపియర్లుగా మారుస్తుంది. దాని మీద రెండు అంకెలు ఉంటాయి. 100/30 అంటే ప్యానెల్ వైపు 100 వోల్టులు మించకూడదు, బ్యాటరీ వైపు 30 ఆంపియర్లు ఇస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి 30 ఆంపియర్లంటే 430 వాట్ల దగ్గర కోత పడుతుంది. మనకి 100/50 కావాలి.

మొదటి అంకె దగ్గర జరిగే పొరపాటు ఖరీదైనది. ఇంకో 540 ప్యానెల్ తెచ్చి సిరీస్‌లో కలిపితే 49.5 రెండు సార్లు, 99 వోల్టులు. 100 లోపే కదా అనిపిస్తుంది. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. లంబసింగిలో డిసెంబరు పొద్దున్న 10 డిగ్రీల దగ్గర ఎండ తగలగానే 103 వోల్టులు. కంట్రోలర్ అక్కడికక్కడే పోతుంది, అలాంటి పోకని వారంటీ కవర్ చేయదు. రెండో ప్యానెల్ పెడితే ప్యారలల్‌లో కలపండి, లేదా 150 వోల్టుల కంట్రోలర్ కొనండి.

నీడ గురించి: లగేజీ క్యారియర్ కడ్డీ నీడ, డిష్ యాంటెన్నా నీడ, చెట్టు కొమ్మ నీడ ప్యానెల్ మీద చారలా పడినా ఉత్పత్తి మూడో వంతు నుంచి సగం వరకు పోవచ్చు. చెట్టు నీడలో బండి ఆపితే లోపల చల్లగా ఉంటుంది, బ్యాటరీ నిండదు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. పొద్దున 9 నుంచి 2 దాకా ఎండలో, ఆ తర్వాత నీడలోకి. అనుభవస్తులు చేసేది ఇదే.

బిగించడం

ప్యానెల్ కింద కనీసం 40 మిల్లీమీటర్ల గాలి సందు ఉండాలి. రూఫ్ రేకు మీద కాకుండా దాని అడుగున ఉన్న పక్కటెముకల దగ్గర బోల్టులు దించండి. స్టీలు 304 బోల్టులు, నైలాక్ నట్లు, కింద వెడల్పు వాషర్లు. రంధ్రాలకి మామూలు సిలికాన్ కాదు, పాలీయూరెథేన్ సీలెంట్. సిలికాన్ మొదటి వేసవి తర్వాత రేకుని వదిలేసి లోపలికి నీళ్లకు దారి చూపిస్తుంది. ప్యానెల్ క్లాంపులు కంపెనీ చెప్పిన రంధ్రాల దగ్గరే పడాలి, చివర్లలో పట్టుకుంటే గుంతల రోడ్డు మీద అద్దం మధ్యలో ఊగి పగులుతుంది. ముందు అంచుకి గాలి తోసే పట్టీ ఒకటి పెట్టండి. పూర్తయ్యాక నేల నుంచి మొత్తం ఎత్తు కొలిచి స్టీరింగ్ దగ్గర రాసి అంటించండి, రైల్వే అండర్‌పాస్ ముందు గుర్తు తెచ్చుకునే సమయం ఉండదు.

సీట్లు తీసి మంచాలు వేసినప్పుడు ఆర్‌సీలో ఆ మార్పు నమోదు చేయించాలి. మోటారు వాహనాల చట్టం 1988 లోని సెక్షన్ 52 దీని గురించే. బీమా కంపెనీకి కూడా చెప్పండి. ప్రమాదం జరిగాక చెప్పడం కంటే ముందు చెప్పడం చవక.

వైర్లు, ఫ్యూజులు

మంటలు పుట్టేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

వైరులో ఎంత వోల్టేజీ పోతుందో లెక్క ఇది: పొడవు మీటర్లలో, రెండింతలు చేసి, ఆంపియర్లతో, 0.0175తో గుణించి, వైరు మందం స్క్వేర్ ఎంఎంతో భాగించాలి. ఫ్రిజ్ 5 ఆంపియర్లు, 6 మీటర్ల దూరం, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు: 0.42 వోల్టులు. ఫరవాలేదు. అదే ఇంటి లైటు వైరు 1 స్క్వేర్ ఎంఎం అయితే 1.05 వోల్టులు. బ్యాటరీ 12.3 దగ్గర ఉన్నప్పుడు ఫ్రిజ్‌కి చేరేది 11.2, స్టార్టింగ్‌లో ఇంకా తక్కువ. బ్యాటరీ కాపాడే సర్క్యూట్ ఫ్రిజ్‌ని ఆపేస్తుంది, అర్ధరాత్రి పాలు విరుగుతాయి, మెకానిక్ ఫ్రిజ్ మార్చమంటాడు. ఫ్రిజ్‌కి 4 స్క్వేర్ ఎంఎం, 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి, మధ్యలో సిగరెట్ లైటర్ సాకెట్ లేకుండా. ఆ సాకెట్ గతుకులకి వదులై వేడెక్కుతుంది.

ఇన్వర్టర్‌కి 133 ఆంపియర్లు. 50 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, పొడవు మీటరున్నర మించకుండా, 200 ఆంపియర్ల ఫ్యూజ్. 16 స్క్వేర్ ఎంఎంతో 3 మీటర్లు లాగితే 0.87 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ నిండుగా ఉన్నా ఇన్వర్టర్ లో-బ్యాటరీ అని అరుస్తుంది. వెల్డింగ్ కేబుల్ మెత్తగా ఉంటుంది కాబట్టి పనికొస్తుంది, కానీ కొనేటప్పుడు ఒక తీగ గోకి చూడండి. పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం ఉంటే వదిలేయండి.

మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపు ఉండాలి. ఆ జానెడు తప్ప మిగతా వైరు ఎక్కడ నలిగినా ఫ్యూజ్ కాపాడుతుంది. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు విడుస్తుంది. ఆ పోటుకి మామూలు ఫ్యూజ్ లోపల తీగ కరిగినా మంట ఆరక సాగుతుంది. మెయిన్‌కి క్లాస్-టీ ఫ్యూజ్ వాడండి. చిన్న సర్క్యూట్లకి బండి బ్లేడ్ ఫ్యూజులు సరిపోతాయి.

ప్యానెల్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్, ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్లను కలిపే ప్లగ్గులు), లోపల 20 ఆంపియర్ల డీసీ ఎంసీబీ (ప్యానెల్, బ్యాటరీ కరెంటు కోసం చేసిన ట్రిప్ స్విచ్). ఇంట్లో వాడే, 230 వోల్టుల ఏసీ కరెంటు కోసం చేసిన ఎంసీబీ వద్దు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి అందులో నిప్పురవ్వ ఆరుతుంది, డీసీలో ఆరదు. కొన్ని డీసీ ఎంసీబీలకు పాజిటివ్ ఎటు అన్నది ముఖ్యం, దాని మీద రాసిన గుర్తు చూసి బిగించండి. ఎంపీపీటీ నుంచి బ్యాటరీకి 16 స్క్వేర్ ఎంఎం, 60 ఆంపియర్ల ఫ్యూజ్.

లగ్గులు సుత్తితో కొట్టి నొక్కడం మన దగ్గర ఇంకా పోలేదు. హైడ్రాలిక్ క్రింపర్ అద్దెకు దొరుకుతుంది, తెచ్చుకోండి. నొక్కాక గట్టిగా గుంజి చూడండి. తీగ కదిలితే కత్తిరించి మళ్లీ. పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే తొడుగు). రేకు గుండా వైరు వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్.

కలిపే వరుస

ఎంపీపీటీకి ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. తిరగేస్తే కంట్రోలర్‌కి బ్యాటరీ 12 వోల్టులో 24 వోల్టులో తెలియదు, కొన్ని రకాలు పాడైపోతాయి.

ఇన్వర్టర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. మొదటిసారి లగ్గు తాకించగానే పటేల్‌మని నిప్పు ఎగురుతుంది, బీఎంఎస్ షార్ట్ అనుకుని ఆగిపోవచ్చు. పాజిటివ్ వైరుకి బదులు ముందుగా బండి హెడ్‌లైట్ బల్బు ఒకటి మధ్యలో పెట్టి కొన్ని సెకన్లు ఉంచండి. బల్బు వెలిగి ఆరిపోతే కెపాసిటర్లు నిండినట్టు, వెంటనే అసలు లగ్గు బిగించండి.

ఎంపీపీటీ సెట్టింగులు లిథియంకి: అబ్సార్ప్షన్ (నింపేటప్పటి వోల్టేజీ) 14.2, ఫ్లోట్ (నిండాక ఉంచే వోల్టేజీ) 13.5, ఈక్వలైజేషన్ ఆఫ్, టెంపరేచర్ కాంపెన్సేషన్ సున్నా. చివరి రెండూ లెడ్-యాసిడ్ కోసం పుట్టినవి, ఆన్‌లో వదిలేస్తే బీఎంఎస్‌తో గొడవ.

నెగటివ్ లైనులో 500 ఆంపియర్ల షంట్ మీటర్ (బ్యాటరీలోకి వచ్చి పోయే ఆంపియర్లను లెక్కబెట్టేది) పెట్టండి. లిథియం వోల్టేజీ నిండా ఉన్నా సగం ఉన్నా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. వోల్టేజీ చూసి శాతం చెప్పే నాలుగు గీతల మీటర్ ఇక్కడ చిలక జోస్యమే. లోడ్ల నెగటివ్‌లన్నీ షంట్‌కి అవతలి వైపు కలపాలి. ఒక్కటి బ్యాటరీకి నేరుగా కలిపినా లెక్క తప్పుతుంది.

బండి నడుస్తుండగా, ఊళ్లో ఆగినప్పుడు

ఆల్టర్నేటర్ నుంచి రిలే పెట్టి లిథియంకి నేరుగా కలపకండి. లిథియం ఎంత ఇస్తే అంత లాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోయేదాకా. మధ్యలో బీఎంఎస్ కట్ చేస్తే వోల్టేజీ ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. మధ్యలో కరెంటుని హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి, ఇగ్నిషన్ ఆన్ అయితేనే పనిచేసేలా. రెండు గంటలు బండి నడిస్తే 700 వాట్ అవర్లు, సగం రోజు ఖర్చు. ముసురు వారంలో మిమ్మల్ని నిలబెట్టేది ప్యానెల్ కాదు, ఇదే. ఇంజిన్ బ్యాటరీ నుంచి 16 స్క్వేర్ ఎంఎం వైరు, రెండు చివర్లా ఫ్యూజ్. ఎందుకంటే రెండు చివర్లా బ్యాటరీ ఉంది.

లాడ్జి దగ్గరో ధాబా దగ్గరో ప్లగ్గు దొరికితే 20 ఆంపియర్ల లిథియం ఛార్జర్ చాలు. బయటి కరెంటుతో నేరుగా సాకెట్లు నడపాలంటే రెండు పోల్స్ (ఫేజు, న్యూట్రల్) మారే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. ఇన్వర్టర్ అవుట్‌పుట్, బయటి కరెంటు ఒక్క క్షణం కలిసినా ఇన్వర్టర్ బూడిద. ధాబా ప్లగ్గులో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉండటం మామూలే, ఎర్త్ అసలే లేకపోవడమూ మామూలే. టెస్టర్‌తో చూసి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) గుండానే లోపలికి తీసుకోండి.

ఇన్వర్టర్ వైపు ఆర్‌సీసీబీ విషయంలో ఒక మెలిక ఉంది. చిన్న ఇన్వర్టర్ల అవుట్‌పుట్‌లో న్యూట్రల్‌ని ఎర్త్‌తో కలపరు. అలా ఉంటే ఆర్‌సీసీబీ మనిషిని కాపాడదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, అది లోపలి రెసిస్టర్‌తో చేసే పరీక్ష కాబట్టి. న్యూట్రల్-ఎర్త్ కలపాలంటే ఇన్వర్టర్ మాన్యువల్ ఒప్పుకోవాలి. చవక రకాల్లో రెండు పిన్నుల మీదా బాడీకి 115 వోల్టుల చొప్పున ఉంటుంది, వాటిలో ఒకదాన్ని ఎర్త్ చేస్తే ఇన్వర్టరే పోతుంది. కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఏదో తేడా కొడితే

మల్టీమీటర్, డీసీ కొలిచే క్లాంప్ మీటర్ రెండూ బండిలో ఉండాలి. ఏసీ కరెంటు మాత్రమే కొలిచే క్లాంప్ మీటర్ ఇక్కడ పనికిరాదు, చాలామంది అదే కొంటారు.

ప్యానెల్ వోల్టులు చూపిస్తూ ఛార్జింగ్ రావడం లేదంటే, మొదట బ్యాటరీ నిండిపోయిందేమో చూడండి. నవ్వకండి, ఎక్కువసార్లు జవాబు ఇదే. కాకపోతే ఎంసీ4 లోపలి పిన్ను సరిగా నొక్కలేదు. వోల్టులు ఆ సన్నని తాకిడి గుండా వస్తాయి, ఆంపియర్లు రావు.

అన్నీ ఒక్కసారి ఆరిపోయి బ్యాటరీ టెర్మినల్ దగ్గర సున్నా వోల్టులు ఉంటే బీఎంఎస్ పడుకుంది. బ్యాటరీ వోల్టేజీ కనిపించక ఎంపీపీటీ కూడా మొదలవదు, ఎండ మండుతున్నా సరే. లిథియం ఛార్జర్‌తోనో డీసీ-డీసీతోనో నిద్రలేపాలి. కొన్ని ఛార్జర్లు సున్నా వోల్టులు చూస్తే మొదలవవు, లిథియం వేకప్ ఉన్నది కొనుక్కోండి.

బ్యాటరీ నిండబోతుండగా ఛార్జింగ్ టక్కున ఆగిపోతుంటే నాలుగు సెల్స్‌లో ఒకటి మిగతావాటి కంటే ముందే 3.65 వోల్టులకి చేరుతోందన్నమాట. అబ్సార్ప్షన్‌ని 14.0కి తగ్గించి, రెండు మూడు రోజులు మధ్యాహ్నాలు ఖర్చు లేకుండా పూర్తి ఎండలో వదిలేయండి. బీఎంఎస్ బ్యాలెన్సింగ్‌కి సమయం దొరుకుతుంది. ఆ తర్వాత మళ్లీ 14.2.

ఇన్వర్టర్ మధ్యాహ్నం మాత్రమే ట్రిప్ అవుతుంటే అది వేడి. 40 డిగ్రీలు దాటాక చాలా ఇన్వర్టర్ల సామర్థ్యం తగ్గుతుంది. చుట్టూ 10 సెంటీమీటర్ల ఖాళీ ఉందా, ఎవరైనా ఫ్యాను రంధ్రానికి దుప్పటి అడ్డం పెట్టారా చూడండి.

మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ప్రతి లగ్గు నట్టూ మళ్లీ బిగించండి. ఆ తర్వాత కుక్కర్ నడుస్తుండగా పదేసి నిమిషాలకు ఒకసారి లగ్గుల తొడుగుల మీద వేలు ఆనించి చూడండి. వేలు నిలవకపోతే ఆ క్రింపు విప్పాల్సిందే. ప్యానెల్ తుడవడం తెల్లారగట్ల, చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లతో. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద బకెట్టు గుమ్మరిస్తే పగుళ్లు రావచ్చు. డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ ఒకటి తలుపు పక్కన, బయటి నుంచి కూడా చేయి అందేచోట పెట్టండి, బ్యాటరీ అర లోపల కాదు.